హైదరాబాద్–వైజాగ్ 511 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలా? మా నాన్న లెక్క తేలడం లేదు

కూర్మన్నపాలెం_కుర్రాడు
మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి కంట్రోలర్‌గా రిటైరయ్యారు. పోయిన వారం ఆయన్ని మొదటిసారి విమానం ఎక్కించాను, శంషాబాద్ నుంచి వైజాగ్. కిటికీ పక్క సీటు ఇప్పిస్తే బయటికి చూడటం మానేసి, బోర్డింగ్ పాస్ వెనక పెన్నుతో టైములు రాసుకుంటూ కూర్చున్నారు. ఆయన రాత ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

6.02 తలుపు వేశారు
6.09 బండి వెనక్కి కదిలింది
6.24 లేచింది
7.13 నేల తగిలింది
7.20 ఆగింది

టికెట్ మీద 6.05కి బయల్దేరి 7.25కి చేరుతుంది అని ఉంది. ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా అడిగారు. "ఎగిరింది 49 నిమిషాలు, రాసింది 80. మిగతా 31 నిమిషాలు ఎవడి ఖాతాలో వేశాడు?"

సరేనని దూరం వెతికాను. ఒక సైట్లో 511, ఇంకోదాంట్లో 318, మూడోదాంట్లో 276, నాలుగోదాంట్లో 503. రోడ్డు మీద చూస్తే 600 పైచిలుకు. విమానం గంటకు 830 కిలోమీటర్లు పోతుందట. అలా అయితే 49 నిమిషాలు కూడా ఎక్కువే కదా? ఎవరైనా కాస్త అర్థమయ్యేలా చెప్పండి. మూడు రోజులుగా టిఫిన్ దగ్గర ఇదే పంచాయితీ.

ఎంవీపీ_అక్క
ముందు మీ నాన్నగారికి ఒక నమస్కారం. మా ఆయన మొదటిసారి ఎక్కినప్పుడు సీటు బెల్టు పెట్టుకోవడానికే పది నిమిషాలు పట్టింది.

లెక్కల_మాస్టారు
నీ నాలుగు దూరాల్లో మూడు ఒకటే బాబూ. 511 కిలోమీటర్లు, 318 మైళ్లు, 276 నాటికల్ మైళ్లు, ఈ మూడూ ఒకే గీత పొడుగు. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. ఓడల వాళ్ల దగ్గర్నుంచి విమానాల వాళ్లు తెచ్చుకున్న కొలత అది. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం పొడవు. నువ్వు పక్కన యూనిట్ చూడకుండా అంకె మాత్రమే చూశావు. పదో తరగతిలో దీనికే అర మార్కు కోసేవాణ్ణి.

నాలుగోవాడు విమానాశ్రయాలు కాకుండా రెండు ఊళ్ల నడిబొడ్డుల నుంచి కొలిచి ఉంటాడు. శంషాబాద్ ఊరికి నైరుతిగా కింద ఉంది కాబట్టి ఓ ఎనిమిది కిలోమీటర్లు తేడా వస్తుంది.

ఇక నువ్వన్న 830 లెక్క: 511ని 830తో భాగించి అరవైతో గుణిస్తే 37 నిమిషాలు. కాగితం మీద అంతే. కానీ అది ఎప్పుడంటే, శంషాబాద్ రన్‌వే మీదే 830 స్పీడు అందుకుని, వైజాగ్ రన్‌వే మీద 830తోనే దిగితే.

తికమక_తిమ్మన్న
అలా దిగితే టైము మిగులుతుంది, మనం మిగలం.

ర్యాంప్‌లో_పదేళ్లు
ఈ ప్రశ్న నాకే వచ్చినట్టుంది. పదేళ్లు విమానాల కిందే తిరిగాను, పేరు చెప్పను, ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలో.

టికెట్ మీద ఉండేది ఎగిరే టైము కాదు. దాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. విమానం ఆగి ఉన్నప్పుడు చక్రాల కింద దిమ్మలు పెడతాం, కదలకుండా. బయల్దేరేముందు ఆ దిమ్మలు తీసి విమానం కదిలిన దగ్గర్నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ ఆగి దిమ్మలు పెట్టేదాకా బ్లాక్ టైమ్. అంటే మీ నాన్నగారి లెక్కలో 6.09 నుంచి 7.20. మొత్తం 71 నిమిషాలు. కాబట్టి పోయింది 31 కాదు, తొమ్మిది నిమిషాలే.

ఈ 71లో 6.09 నుంచి 6.24 దాకా, పావుగంట, విమానం నేల మీద నడిచింది. ట్రాక్టర్‌తో వెనక్కి తోయడం, ఇంజిన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే చివరిదాకా వెళ్లడం, ముందు వరుసలో ఎవరైనా ఉంటే ఆగడం. శంషాబాద్‌లో సాయంత్రం ఆరు గంటలకు పావుగంటంటే మామూలే. వైజాగ్‌లో దిగాక ఏడు నిమిషాలు. చిన్న విమానాశ్రయం, రన్‌వే నుంచి బయటికొస్తే స్టాండు పక్కనే.

కూర్మన్నపాలెం_కుర్రాడు
సరే, ఆ తొమ్మిది నిమిషాల సంగతేంటి? బయల్దేరడమే నాలుగు నిమిషాలు లేటు, చేరడం ఐదు నిమిషాలు ముందు. "లేటుగా తీసి ముందే చేర్చాడంటే స్లాక్, అంటే అదనపు టైము, పెట్టాడన్నమాట" అని నాన్న అప్పుడే తేల్చేశారు.

రాత్రి_రైలు
నాన్నగారు కరెక్ట్. ఇది పక్కా మోసం. ముందే పది నిమిషాలు ఎక్కువ రాసేసి, తర్వాత "మేం టైముకే వచ్చాం" అని మైకులో చెప్పుకోవడం. మైకులో ఆ ముక్క ఎంత గర్వంగా చెబుతారో మీరూ వినే ఉంటారు.

ర్యాంప్‌లో_పదేళ్లు
మోసం అనకండి. విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నెలనెలా ఏ కంపెనీ ఎంత శాతం టైముకి నడిపిందో బయటపెడుతుంది. 15 నిమిషాల లోపు తేడాను ఆలస్యంగా లెక్కపెట్టరు. పేపర్లో పేరు చెడకూడదని కంపెనీలు కాస్త ఎక్కువ టైము రాసుకునే మాట నిజమే. అయితే అదొక్కటే కారణం కాదు. అదే విమానం రోజుకు ఐదారు ట్రిప్పులు కొడుతుంది. పొద్దున మొదటి ట్రిప్పులో పది నిమిషాలు జారితే రాత్రికి గంటవుతుంది. ఆ సందు లేకపోతే ఆఖరి ట్రిప్పు వాళ్లు అర్ధరాత్రి దిగుతారు.

రాత్రి_రైలు
దాన్నే మా వాడుకలో మోసం అంటారు.

కిటికీ_సీటు
49 నిమిషాల సంగతి నేను చెబుతా. ఈ దారిలో నెలకు రెండుసార్లు తిరుగుతాను, ఆఫీసు పని మీద.

శంషాబాద్ రన్‌వే తూర్పు–పడమరగా ఉంటుంది, నాలుగు కిలోమీటర్లకు పైనే పొడవు. విమానం మామూలుగా గాలికి ఎదురుగానే లేస్తుంది. చలికాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంటే తూర్పుకే లేస్తుంది, వైజాగ్ కూడా తూర్పే కాబట్టి ముక్కు సూటిగా పోతుంది. జూన్, జులైలో నైరుతి గాలికి పడమటికి లేస్తుంది. అంటే ముందు వికారాబాద్ వైపు పోయి, అక్కడ తిరిగి, మళ్లీ హైదరాబాద్‌ని దాటుకుంటూ రావాలి. మొదటి ఐదు నిమిషాల్లో మీరు వైజాగ్‌కి దగ్గరవ్వలేదు, దూరమయ్యారు.

ఆ చివర ఇంకా బాగుంటుంది. వైజాగ్ రన్‌వే కూడా ఇంచుమించు తూర్పు–పడమరే. సముద్రం వైపు నుంచి దిగమంటే, విమానం ఊరు దాటి నీళ్ల మీదకు వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి పడమటికి మొహం పెట్టి దిగుతుంది. ఎడమవైపు కిటికీ దొరికితే డాల్ఫిన్స్ నోస్ కొండ రెక్క కిందుగా జారుకుంటూ పోతుంది. బయట సముద్రంలో హార్బర్‌లోకి వంతు కోసం లంగరేసి నిలబడ్డ ఓడలు, సాయంత్రమైతే ఒక్కోదాని మీద ఒక్కో దీపం. కుడివైపు కూర్చున్న వాళ్లకు ఊరు. నేను లెక్కపెట్టాను, ఓడలు ఒకసారి పదకొండు ఉన్నాయి.

ఈ చుట్టు తిరగడానికే ఓ ఐదారు నిమిషాలు. కొండవైపు నుంచి నేరుగా దిగిన రోజు అది మిగులుతుంది. మీ నాన్నగారు బయటికి చూసి ఉంటే తెలిసేది!

కూర్మన్నపాలెం_కుర్రాడు
చూశారట. "7.05కి సముద్రం కనబడింది, దాటి పోతున్నాడేంట్రా అనుకున్నా, డ్రైవర్ స్టాపు మర్చిపోయాడేమో అని" అంటున్నారు. భయపడతానని నాకు చెప్పలేదట.

ఎంవీపీ_అక్క
😂😂 పాపం, "హోల్డాన్" అనలేదు నయం.

లెక్కల_మాస్టారు
కిటికీ_సీటు చెప్పినదానికి ఇంకో ముక్క కలుపుతా. పదివేల అడుగుల కింద ఉన్నంతసేపు వేగం 250 నాట్లు దాటకూడదని నియమం, అంటే గంటకు సుమారు 460 కి.మీ. పైకెక్కడానికి పావుగంట పైన, దిగడానికి ఇరవై నిమిషాలు తీసేస్తే, ఆ 830 స్పీడులో నిజంగా పోయేది మధ్యలో పది, పన్నెండు నిమిషాలే. మజ్జిగ ప్యాకెట్ తెరిచేలోగా "సీటు బెల్టులు పెట్టుకోండి" అనేది అందుకే.

511ని 49 నిమిషాలకు వేస్తే సగటున గంటకు 626 కి.మీ. వస్తుంది. నడిచిన దారి 511 కంటే ఎక్కువ కాబట్టి అసలు వేగం ఇంకాస్త ఎక్కువే. 511 అన్నది గ్లోబు మీద దారం లాగి పట్టినట్టు కొలిచిన దూరం. విమానం ఆ దారం మీద పోదు, ఆకాశంలో గీసిన రూట్ల మీద పోతుంది.

బెంజి_సర్కిల్
మా గన్నవరం సంగతి ఇంకా ఘోరం. శంషాబాద్ నుంచి గన్నవరం గాల్లో 260 చిల్లర కిలోమీటర్లు, మీ దూరంలో సగం. టికెట్ మీద టైము సగం ఉంటుందా? ఉండదు. గంట, గంటా పది. దూరం సగమైనా నేల మీద నడక, ఎక్కడం, దిగడం అంతే కదా. పైగా చాలాసార్లు ఫ్యాన్ల విమానం, ఏటీఆర్. అది గంటకు 500 దాకానే పోతుంది.

అసలు కథ ఇప్పుడు చెబుతా వినండి. కూకట్‌పల్లిలో ఇంటి నుంచి శంషాబాద్‌కి గంటంపావు. చాలా కంపెనీలు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి కాబట్టి రెండు గంటలు ముందే వెళ్లి కూర్చోవాలి. గంటా పది విమానం. దిగాక సామాను కోసం ఇరవై నిమిషాలు. గన్నవరం నుంచి బెంజి సర్కిల్‌కి అరగంట పైన. ఐదుంబావు గంటలు అయిందా? అదే టైముకి కారులో బయల్దేరిన మా బావ సూర్యాపేటలో టిఫిన్ చేసి, ఇంటికొచ్చి, స్నానం చేసి, నాకే ఎదురు వచ్చాడు. "ఏరా, గాల్లో ట్రాఫిక్ జామా?" అన్నాడు. ఆ మాట ఇంకా మా పెళ్లిళ్లలో తిరుగుతోంది.

తికమక_తిమ్మన్న
బావ అన్నాక ఆ మాత్రం ఉండాలి.

రాత్రి_రైలు
అందుకే నేను చెప్పేది. వైజాగ్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. సాయంత్రం ఎక్కి, అన్నం తిని పడుకుంటే పొద్దున ఊళ్లో ఉంటారు. నిద్రపోయిన టైము ప్రయాణం కింద రాదు. ప్రయాణ సమయం సున్నా.

ఎంవీపీ_అక్క
పై బెర్తులో గురకపెట్టేవాడి టైము ఎవరి ఖాతాలో వేస్తారు అన్నా?

కిటికీ_సీటు
పగలు పోవాలంటే వందే భారత్ ఉంది కదా, 2023 జనవరి నుంచి. సికింద్రాబాద్–విశాఖ 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేస్తే వైజాగ్ విషయంలో విమానమే గెలుస్తుంది, మహా అయితే నాలుగున్నర, ఐదు గంటలు. బెంజి_సర్కిల్ చెప్పింది విజయవాడకి కరెక్ట్, వైజాగ్‌కి కాదు. రెండూ కలపకండి.

బెంజి_సర్కిల్
నేను కలపలేదు. మా ఊరి బాధ మేం చెప్పుకుంటున్నాం.

కరీంనగర్_టు_కరామా
మీది తొమ్మిది నిమిషాల లొల్లి. నాది గంటల లొల్లి. పన్నెండేళ్ల సంది దుబాయ్‌ల ఉంటున్న. హైదరాబాద్‌ల పదింటికి ఎక్కితే దుబాయ్‌ల పన్నెండున్నరకు దిగుత. మా అమ్మ అడిగింది, "రెండున్నర గంటలేనారా? జగిత్యాల నుంచి హైదరాబాద్ పోయేదానికంటే తక్కువ" అని. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి పదింటికి ఎక్కితే ఇక్కడ మూడింటికి దిగిన. ఐదు గంటలు. అమ్మ కంగారుపడ్డది, "దారి తప్పిండా ఏంది డ్రైవరు?" అని.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక అని చెప్తే నమ్మదు. "పొద్దు అందరికీ ఒక్కటే కదా" అంటది. ఆఖరికి వీడియో కాల్ చేసి, ఇంటి గోడ గడియారం, నా చేతి గడియారం పక్కపక్కన పెట్టి చూపించిన. అప్పుడు అన్నది, "మరి ఆ గంటన్నర నీ ఆయుష్షుల కలుస్తదా, పోతదా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎంవీపీ_అక్క
ఇప్పటిదాకా ఇక్కడ వచ్చిన వాటిలో అసలైన ప్రశ్న అమ్మదే.

లెక్కల_మాస్టారు
అమ్మగారికి చెప్పు: పోయేటప్పుడు కలిసింది, వచ్చేటప్పుడు పోయింది, చెల్లుకు చెల్లు. హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. గడియారాల తేడా తీసేస్తే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర.

తికమక_తిమ్మన్న
పోవడానికి నాలుగు, రావడానికి మూడున్నర ఎందుకు? భూమి తూర్పుకు తిరుగుతోంది కదా. పడమటికి పోయేవాడికి దుబాయ్ ఎదురొస్తుంది. పోవడమే త్వరగా అవ్వాలి. ఉల్టా ఉంది. మాస్టారూ, దొరికిపోయారు.

లెక్కల_మాస్టారు
మన అక్షాంశం దగ్గర భూమి గంటకు 1,590 కిలోమీటర్ల పైనే తిరుగుతోంది. నువ్వు మీ వాకిట్లో నిలబడి ఓ క్షణం పాటు ఎగిరి దూకితే, నీ లెక్క ప్రకారం నాలుగు వందల మీటర్ల అవతల, పక్క వీధిలో పడాలి. పడుతున్నావా?

తికమక_తిమ్మన్న
ఒకసారి పక్కింటి పిట్టగోడ అవతల పడ్డాను గానీ దానికి కారణం కుక్క.

వానమబ్బు
నాకు వాతావరణం పిచ్చి కాబట్టి గాలి సంగతి నేను చెబుతా. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, అందుకే భూభ్రమణంతో లాభం లేదు, నష్టం లేదు. తేడా అంతా భూమికి సాపేక్షంగా వీచే పైగాలితోనే. చలికాలంలో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే వేగమైన గాలి పరుగెడుతుంది, ఉత్తర భారతం మీద గట్టిగా. దుబాయ్ నుంచి వచ్చేవాడికి అది వెనక నుంచి తోస్తుంది, పోయేవాడికి ఎదురు. గోదాట్లో నాటుపడవ లాంటిది. తెడ్డు వేసే బలం ఒకటే, రాజమండ్రి నుంచి కిందికి పోవడం వేరు, పైకి రావడం వేరు.

అయితే వానాకాలంలో మన దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. పైన తూర్పు నుంచి పడమటికి వీచే జెట్ ఏర్పడుతుంది, 14, 15 కిలోమీటర్ల ఎత్తున అసలు బలం. దాన్ని గుర్తించి 1958లో శాస్త్రపత్రం రాసింది మన తెలుగాయన, పి. కోటేశ్వరం. తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి కూడా అయ్యారు. విమానాలు అంత ఎత్తున పోవు గానీ దాని అడుగు గాలి తగులుతుంది. జులైలో దుబాయ్ పోయేటప్పుడు ఎదురుగాలి ఇబ్బంది తగ్గేది దానివల్లే.

హైదరాబాద్–వైజాగ్‌కి మాత్రం ఇదంతా పెద్దగా పట్టదు. పైన ఉండేదే పది, పన్నెండు నిమిషాలు. గాలి ఎంత తోసినా ఒకటి రెండు నిమిషాలు.

కరీంనగర్_టు_కరామా
కోటేశ్వరం గారి సంగతి నాకు తెల్వదు. మంచి ముచ్చట చెప్పినవ్ అన్న. ఇగ ఈసారి జులైల టైము రాసుకుంట.

2025 ఏప్రిల్ చివర్ల పాకిస్తాన్ మన విమానాలకు ఆకాశం మూసినప్పుడు, ఢిల్లీ నుంచి వచ్చే మా రూమ్మేటు మస్తు తిప్పలు పడ్డడు, చుట్టూ తిరిగి రావాలె. మనకు హైదరాబాద్ నుంచి ఆ బాధ లేదు, ముంబై దాటి సముద్రం మీదికెల్లి పోవుడే.

డల్లాస్_బాబాయ్
మాస్టారు దారం అన్నారు కాబట్టి చెబుతున్నా. మా పాపకు కొన్న గ్లోబు మీద డల్లాస్ దగ్గర ఒక వేలు, హైదరాబాద్ దగ్గర ఒక వేలు పెట్టి దారం బిగించి లాగాను. ఐరోపా మీద ఉంటుందనుకుంటే దారం జారి జారి ఉత్తర ధ్రువం పక్కకు పోయి ఆగింది! మధ్యలో గ్లోబు స్క్రూ అడ్డొచ్చింది. పాప "డాడీ, స్నో లోంచి వెళ్తామా తాతయ్య దగ్గరికి?" అంది. దూరం 14,400 కి.మీ. అని వచ్చింది. నేరు విమానం లేదు కాబట్టి మధ్యలో ఎక్కడో దిగి, అక్కడ కుర్చీలో నిద్రపోయి, మొత్తం ఒక రోజు.

లెక్కల_మాస్టారు
రెండు ఊళ్ల రేఖాంశాల తేడా 175 డిగ్రీలు దాటింది, ఇంచుమించు భూమికి అటూ ఇటూ. 180 అయి ఉంటే దారం సరిగ్గా స్క్రూ మీదే ఉండేది. పాపకు ఇప్పుడే భూగోళం మొదలుపెట్టించు.

బెంజి_సర్కిల్
అసలు విషయం వైజాగ్ నుంచి ఉత్తర ధ్రువానికి పోయింది. కూర్మన్నపాలెం తమ్ముడూ, ఉన్నావా?

ర్యాంప్‌లో_పదేళ్లు
ఇంకో మాట, వైజాగ్ గురించి. అది నేవీ వాళ్ల విమానాశ్రయం, ఐఎన్ఎస్ డేగా. మన విమానాలు అందులో ఒక మూల వాడుకుంటాయి. నేవీ విమానం లేస్తుంటే మీరు పైన ఒక చుట్టు తిరగాల్సిందే. టికెట్ మీద ఆ సందు ఉంచేది ఇలాంటి వాటికి కూడా.

కిటికీ_సీటు
సందు సంగతికి నా రికార్డు వినండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజు శంషాబాద్‌లో ఎక్కాం. వైజాగ్ దాకా వెళ్లాం, మబ్బుల్లో రెండుసార్లు దిగబోయి మళ్లీ లేచాడు. సముద్రం మీద చక్కర్లు. ఆఖరికి "వెనక్కి వెళుతున్నాం" అన్నాడు. రెండు గంటల నలభై నిమిషాలు ఎగిరి మళ్లీ శంషాబాద్‌లోనే, ఎక్కిన గేటు పక్క గేటులో దిగాం. ప్రయాణించిన దూరం: సున్నా. మధ్యలో ఒక మజ్జిగ, ఒక పులిహోర.

రాత్రి_రైలు
గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇంతవరకు వైజాగ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేయలేదు. చెప్పి ఉంచుతున్నా.

ఎంవీపీ_అక్క
భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు నడిస్తే ఈ లెక్క మారుతుందా?

లెక్కల_మాస్టారు
గాల్లో ఓ ముప్పై కిలోమీటర్లు పెరుగుతుంది, రెండు మూడు నిమిషాలు. పట్టించుకోవక్కర్లేదు. రోడ్డు మీద చూసుకోవాలి. ఊరి నుంచి 45 కి.మీ. దాకా.

కూర్మన్నపాలెం_కుర్రాడు
మాకు ఇంకా ఎక్కువ, అరవై. ఇప్పుడైతే ఇంటి నుంచి అరగంటలో విమానాశ్రయం. అప్పుడు గాల్లో యాభై నిమిషాలు, నేల మీద రెండు గంటలు. నాన్నకు ఇది ఇంకా చెప్పలేదు, చెబితే ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి మొదలుపెట్టి ప్రతి జంక్షన్‌కీ నిమిషాలు వేయమంటారు.

మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. బ్లాక్ టైమ్ దగ్గర లేచి కూర్చున్నారు. "అది మా రన్నింగ్ టైమేరా! ప్లాట్‌ఫాం మీద బండి కదిలితే మొదలు, అవతలి ప్లాట్‌ఫాం మీద ఆగితే ఆఖరు. నర్సీపట్నం–విశాఖ బండికి టైము కట్టేటప్పుడు లంకెలపాలెంలో ఎంతసేపు ఆగుతుందో, పండగ రోజు అనకాపల్లిలో ఎంత తోపులాటో అన్నీ చూసి నిమిషాలు వేసేవాళ్లం. తక్కువ వేస్తే డ్రైవర్లు తొక్కేస్తారు. యాక్సిడెంట్లు అవుతాయి" అన్నారు. సందు మోసం కాదన్నది ఇప్పుడు ఆయన మాటే. రాత్రి_రైలు అన్నా, ఓటు ఒకటి పోయింది.

రాత్రి_రైలు
మేనేజ్‌మెంట్ మనిషి అని తేలిపోయింది.

కూర్మన్నపాలెం_కుర్రాడు
నిన్న తిరుగు ప్రయాణం అయింది. వైజాగ్–హైదరాబాద్ లాగ్‌షీటు ఇదిగో.

9.06 తలుపు
9.12 కదిలింది
9.19 లేచింది (సముద్రం వైపు కాదు, నేరుగా పడమటికి. మంచిదే)
10.11 నేల తగిలింది
10.24 ఆగింది

గాల్లో 52, మొత్తం 72. నాన్న వ్యాఖ్య: "ఎక్కేచోట ఏడు నిమిషాలు, దిగేచోట పదమూడు. శంషాబాద్ స్టాండు మన ద్వారకా బస్ స్టేషన్ కంటే పెద్దది, బండి లోపల తిరగడానికే టైము." ఇప్పుడు ఆయన కొత్త ప్రశ్న: ఈ టైములు ఎవరు రాస్తారు? లాగ్‌షీటు మీద ఎవరు సంతకం పెడతారు?

ర్యాంప్‌లో_పదేళ్లు
ఈ ప్రశ్న అడుగుతారని ఎదురుచూస్తున్నా. ఇప్పుడు చాలా విమానాల్లో ఎవరూ రాయక్కర్లేదు, విమానమే కంపెనీకి మెసేజ్ పంపుతుంది. నాలుగు టైములు: ఔట్, ఆఫ్, ఆన్, ఇన్. స్టాండు నుంచి కదిలింది, లేచింది, నేల తగిలింది, ఆగింది. బ్రేకు, చక్రాలు, తలుపుల సెన్సర్లను బట్టి దానంతట అదే తెలుసుకుంటుంది. మీ నాన్నగారు బోర్డింగ్ పాస్ వెనక రాసింది అచ్చంగా ఆ నాలుగే. ఎవరూ చెప్పకుండా!

ఎంవీపీ_అక్క
ఒళ్లు జలదరించింది నిజంగా.

లెక్కల_మాస్టారు
అర మార్కు కొడుక్కి కోశాను, తండ్రికి నూటికి నూరు.

కూర్మన్నపాలెం_కుర్రాడు
చెప్పాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నాలుగెందుకు పంపుతాడు, ఐదు పంపాలి. నేను తలుపు టైము కూడా రాశాను. మొదటి ట్రిప్పులో తలుపు వేశాక ఏడు నిమిషాలు నిలబెట్టాడు. ఆ ఏడు నిమిషాలు డ్రైవర్ లేటా, స్టాండు లేటా అని రేపు డిపో మేనేజర్ అడిగితే ఏం చెబుతాడు?"

ర్యాంప్‌లో_పదేళ్లు
దానికి వేరే కోడ్లు ఉంటాయి, ఆలస్యానికి కారణం ఎవరో రాసే కోడ్లు. ఆ లిస్టు మాత్రం ఆయనకు చూపించకండి, మీకు ఈ నెలంతా టిఫిన్ ఉండదు.

కూర్మన్నపాలెం_కుర్రాడు
లేటైంది అన్నా. నా భుజం మీదుగా చదివేశారు. "లిస్టు ప్రింట్ తీయించు" అంటున్నారు.